పిట్టల కావలి

రాసుకుంటానంటే రాసుకో అమ్మాయీ.
గొంతు బొంగురుగా ఉంటుంది, కాస్త ఓపిక పట్టు.
జబ్బేం కాదు.
చిన్నప్పుడే అరిచి అరిచి ఖర్చుపెట్టేశాను.

పేరు మింగో.
వయసా? పిట్టల లెక్కన చెప్పగలను.
నేను పుట్టాక అవి ఏడుసార్లు చేలమీద వాలాయి,
అప్పుడు నన్ను మంచె ఎక్కించారు.
ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

కరొలైనాలో కంబీ నది ఒడ్డు.
పోటుకి తూము ఎత్తితే మళ్ళనిండా నీళ్ళు,
ఆటుకి వదిలితే బురద,
బురదలో వేలెడేసి మొసలి పిల్లలు.
ఆ గట్లు పోసినవాళ్ళలో మా తాత ఉన్నాడు.
ఏ గట్టో ఎవరికీ గుర్తులేదు.

దొర పుస్తకంలో మమ్మల్ని చేతుల్లో కొలిచేవారు.
మా అమ్మ నిండు చెయ్యి.
అక్క బైనా అర చెయ్యి.
నేను పావు చెయ్యి.
ఇవిగో, చూడు, రెండూ ఉన్నాయి,
అప్పుడూ రెండే ఉండేవి,
వీటితోనే వడిసెల తిప్పేవాణ్ణి.

విత్తనాలప్పుడు వడ్లమీద బంకమట్టి కలిపి
పిల్లలందరి చేతా తొక్కించేవాళ్ళు,
మట్టి పట్టిన గింజ పిట్ట కంటికి ఆనదని.
తొక్కుతూ నవ్వుకునేవాళ్ళం కూడా.
అబద్ధం ఎందుకు చెప్పాలి?
బైనా నా మణికట్టు పట్టుకుని గిరగిరా తిప్పేది.
తొడలదాకా మట్టి.
"ఇప్పుడు మనం కూడా ఎవరికీ కనబడం రా" అనేది.

ఎండలు ముదిరితే చలిజ్వరాలు.
దొర ఇంటిల్లిపాదీ పట్నం పోయేవాళ్ళు.
మా ఒంటికి ఆ జ్వరం అంటదని
వాళ్ళ డాక్టరు రాసిచ్చాడట.
మా అమ్మ ఆ కాగితం చూడకుండానే పోయింది.

కంకి పాలుపోసుకునే రోజులకి
ఉత్తరాన్నుంచి దిగేవి పిట్టలు,
ఆకాశం ఒక అంచున చినిగి రాలుతున్నట్టు.
పొద్దు పొడవకముందే మంచె మీద నేను,
ఒడినిండా మట్టి ఉండలు, నోటినిండా కేక.
వెన్ను ఖాళీ అయితే వీపు మీద లెక్క తేల్చేవాళ్ళు.
తినితిని కొవ్వెక్కి ఎగరలేనివాటిని ఏరి
వంటింటికి పంపేవాళ్ళం, పట్నంలో దొరకి ఇష్టమని.
మిగతావి ఓ రాత్రి లేచి దక్షిణానికి పోయేవి.
వాటికి దారి ఎవరు చెబుతారని బైనాని అడిగాను.
రేపు చెబుతానంది.

ఆ రేపే పట్నం నుంచి ఉత్తరం వచ్చింది.
గుర్రప్పందెంలో ఏదో బాకీ.
నేను మంచె మీద ఉన్నాను, నాకెవరూ చెప్పలేదు.
నది మీద బల్లకట్టు కదలడం చూశాను,
అందులో ఏడుగురు, నీలి గుడ్డ కట్టిన తల ఒకటి.
ఆ గుడ్డ మా అమ్మది.

అరిచాను.
బైనా, బైనా, బైనా.
నాలుగు మళ్ళ పిట్టలు ఒక్కసారిగా లేచాయి,
గాలి నల్లబడింది, నది కనబడలేదు.
ఓవర్సీరు గుర్రం మీద గట్టుదాకా వచ్చి
"ఇదిరా అరుపంటే! రోజూ ఇలా అరవాలి" అని
పందితోలు ముక్క విసిరాడు.
తిన్నాను, అమ్మాయీ.
అది కూడా రాయి.

విడుదలయ్యాక సవానా దాకా నడిచాను.
చర్చిల్లో చదివించాను:
బైనా, కంబీ నది మనిషి,
ఎడమ చెవి వెనక కాలిన మచ్చ,
తమ్ముడు మింగో వెతుకుతున్నాడు.
ఇద్దరు బైనాలు వచ్చారు.
నన్ను చూసి, నేను కాదని, ఇద్దరూ ఏడ్చారు.
ఒకామె తను తెచ్చుకున్న అన్నంలో సగం నాకు పెట్టింది.
తెల్లగా ఉంది. అన్నం మీద నాకేం కోపం లేదు.

ఒక్కటే తెలియదు.
రోజూ అరిచేవాణ్ణే కదా,
ఆవేళ తననే పిలుస్తున్నానని
తనకెలా తెలుస్తుంది?
పిట్టలు లేవకముందు ఒక్క క్షణం
నీలి గుడ్డ ఇటు తిరిగింది.
తిరిగిందని రాసుకో.

ఆగు. కొట్టెయ్యి.
నీళ్ళ మీద ఎండ బాగా ఉందని రాయి.